ఖౌఫ్‌కి పాయింట్లు లేవు

ఇషా నమాజ్ చదివి ఇంటికొచ్చేసరికి మావాడు కంప్యూటర్ ముందు గుస్సాగా కూర్చున్నాడు. డీసీఎస్ వరల్డ్ అని, యుద్ధ విమానాల ఆట.

"చూడండి అబ్బా, ట్రక్కు పక్కనే 500 పౌన్ల బాంబు వేశాను. అయినా పోతూనే ఉంది. ఇదేం ఇన్సాఫ్?"

వాడి షికాయత్ నిజమే. అసలు బాంబులో పేలుడు కన్నా దూరం దాకా ఎగిరే ఇనప ముక్కలే ఎక్కువ ఖతర్నాక్. ఆటలో వాటి హిసాబ్ తక్కువ. ప్రతి బండికీ ఇన్ని ప్రాణాల పాయింట్లని పెట్టారు, నిషానా కాస్త తప్పితే అవి పెద్దగా తరగవు. పోనీ బాంబు జోరు పెంచితే ట్యాంకులు కూడా అగ్గిపెట్టెలయిపోతాయి.

వాడికి మోర్తేన్ కిస్సా చెప్పాను. 1944 ఆగస్టు, ఫ్రాన్స్. టైఫూన్ పైలట్లు రాకెట్లతో పదుల కొద్దీ జర్మన్ ట్యాంకుల్ని కొట్టామన్నారు. తర్వాత బ్రిటిష్ పరిశోధకులు నేల మీద తిరిగి లెక్కపెడితే, రాకెట్ తగిలి పోయినవి కొన్నే. ఇంకొన్నిటిని లోపలివాళ్లు ఖౌఫ్‌తో వదిలేసి పారిపోయారు.

"మరి ఆటలో లోపలివాళ్లకి పాయింట్లే లేవు కదా అబ్బా?" అన్నాడు.

20 ఏళ్లుగా "ఇన్ని ట్యాంకులు ధ్వంసం" అని సుర్ఖీలు పెడుతున్నవాణ్ని. ఒక్కసారీ లోపలివాళ్ల సంగతి అడగలేదు. వాడికేం జవాబ్ చెప్పను?