పాదువాలో కడపటి వారములు

పరదేశమున చదువు ముగిసిన పిమ్మట మిగులు దినములు విచిత్రమైనవి. పరీక్షలుండవు, పని యుండదు. తిరుగు ప్రయాణపు టిక్కెట్టు మాత్రము పెట్టెలో నుండును. ఇటలీలో పాదువా విశ్వవిద్యాలయమున మా రెండేండ్ల చదువు డిసెంబరు మొదటి పక్షమున ముగిసినది. మా విమానము జనవరి మొదటి వారమున. తోడి విద్యార్థులు క్రిస్మసునకు తమ తమ యూళ్లకు పోయిరి. విద్యార్థుల భోజనశాల మూతపడినది. ఇంటి యజమానురాలైన వృద్ధురాలును మేమును ఆ యింట మిగిలితిమి.

ఆ చదువు మాకెట్లు దొరికినదో ముందుగా చెప్పవలెను. మాది చీపురుపల్లి చెంత నొక పల్లె, మూడెకరముల మెట్ట. ఇటలీ రాజ్యాంగము 1948 లో అమలులోనికి వచ్చినది. సమర్థులును యోగ్యులును ధనహీనులైనను అత్యున్నత విద్యకు హక్కుదారులే యని అందలి 34వ అధికరణము చెప్పుచున్నది. ఆ సూత్రముపై నేర్పడిన విద్యార్థివేతనములు పరదేశీయులకును లభించును. మన తెలుగు పిల్లలు పలువురు ఈ దారినే అచ్చటికి పోవుచున్నారు. తహసీల్దారుగారిచ్చిన ఆదాయ ధ్రువపత్రమును ఇటాలియనులోనికి మార్పించి, ముద్రలు వేయించి పంపితిమి. మన దేశమున దాచుకొను పేదరికమే అచ్చట మాకు అర్హత యైనది. మేము తిన్న రొట్టె ఆ దేశపు రైతులును, ట్రాము నడుపువారును, ఆసుపత్రి దాదులును కట్టిన పన్నులోనిది. ఈ సంగతి చదువరులు మనసున నుంచుకొందురుగాక.

పాదువా విశ్వవిద్యాలయము 1222 లో పుట్టినది. గెలీలియో అచ్చట 1592 మొదలు పదునెనిమిదేండ్లు బోధించెను. పట్టము పొందినవారి తలకు లారెలు ఆకుల దండ చుట్టుట అచ్చటి ఆచారము. స్నేహితులు అతని చేష్టలన్నియు హాస్యముగా వ్రాసి, వికారపు బొమ్మతో పెద్ద కాగితముపై నెక్కింతురు. దానిని అతడే నడివీధిలో బిగ్గరగా చదువవలెను. గౌరవము నెత్తికెక్కకుండ పెద్దలు చేసిన ఏర్పాటు కాబోలు! ఆ విద్యాలయపు పాత భవనమున మెట్ల మొదట ఎలెనా కోర్నారో విగ్రహమున్నది. 1678 లో ఆమె తత్త్వశాస్త్రమున డాక్టరు పట్టము పొందినది. లోకమున అట్టి పట్టము పొందిన తొలి స్త్రీగా ఆమెను చెప్పుదురు. ఆ విగ్రహము ముందు మాకు మా అక్క జ్ఞప్తికి వచ్చినది. లెక్కలలో ఆమె మాకంటె చురుకైనది. ఇంటర్మీడియెటుతో చదువు మాన్పించి, ఎకరమున్నర తాకట్టుపెట్టి పెండ్లి చేసిరి.

ఆకుల దండతో తీసిన మా ఫొటోను ఇంటికి పంపితిమి. నాన్న దానిని పెండ్లిళ్ల పేరయ్యకు పంపెను. వారము తిరుగకముందే సంబంధము వచ్చినది: ఇరువది లక్షలు, కారు. విశాఖపట్టణపు చదువునకు పండ్రెండు పలుకునట. ఇటలీ చదువునకు ఎనిమిది ఎక్కువ. బీదవాడవని పరదేశీయులు ఉచితముగా నిచ్చిన విద్యకు, మనవారు మరియొక యింటి ఆడపిల్ల తండ్రివద్ద వెల గట్టిరి.

మాకు అచ్చట మధ్యాహ్నము మూడున్నర యైనప్పుడు చీపురుపల్లిలో రాత్రి ఎనిమిది. ఆ వేళకు ప్రతిదినము ఫోను మ్రోగెడిది. కట్నము పుచ్చుకొనమని చెప్పితిమి. నాన్న కోపింపలేదు. "మరి నీ అక్క పెళ్లప్పు ఎవుడు తీరుస్తాడ్రా? నువ్వే సెప్పు," అనెను. ఇది దురాశాపరుని మాట కాదు. ఇచ్చిన చేయి పుచ్చుకొననిదే కోలుకొనలేని గొలుసిది. సంఘసంస్కరణమును గూర్చి ఉపన్యసించువారు ఈ ప్రశ్నను తప్పించుకొని పోవుచుందురు. మేము తప్పించుకొనుటకు వీలులేకపోయినది.

క్రిస్మసునకు ఇటలీలో ఇంటింట బొమ్మల కొలువు తీర్తురు. 1223 లో గ్రెచ్చో యను గ్రామమున ఫ్రాన్సిసు మహాశయుడు పశువులపాకను నెలకొల్పి చేసిన పండుగ నుండి ఆ యాచారము వ్యాపించినదందురు. పశువులపాక, గొల్లవారు, రొట్టెలవాడు, నీళ్లు మోయు స్త్రీ, అందరును అందుందురు. తొట్టి మాత్రము డిసెంబరు 24 రాత్రి వరకు వట్టిదిగా నుండును; అర్ధరాత్రి శిశువును పెట్టుదురు. ఏటికొప్పాక లక్క బొమ్మలతో సంక్రాంతికి మా అమ్మ తీర్చు కొలువు మా కన్నులకు గట్టినది.

బొమ్మలు తుడుచుచు ఇంటి యజమానురాలు మా ఫోనుల గొడవ యేమని అడిగినది. చెప్పితిమి. ఆమె ఆశ్చర్యపడునని తలచితిమి; పడలేదు. తన తల్లి దుప్పట్లు, వెండి, కొంత భూమి తెచ్చి కాపురమునకు వచ్చినదట. ఆ వరదక్షిణను ఇటలీలో 1975 నాటి కుటుంబచట్టము రద్దుచేసినది. మన వరకట్న నిషేధచట్టము 1961 నాటిది. పదునాలుగేండ్లు మనదే పెద్దది! అచ్చట ఆచారము చచ్చిన పిమ్మట చట్టము వచ్చి పూడ్చినది. ఇచ్చట చట్టమే కాగితములలో పూడినది. ఆచారమెట్లు చచ్చెనని అడిగితిమి. "నా కూతురికి తెల్లదుప్పట్లు కొనలేదు, బడిజీతము కట్టితిని," అని ఆమె తొట్టిలో గడ్డి సర్దినది.

1892 లో విజయనగరమున గురజాడవారి కన్యాశుల్కము మొదట ప్రదర్శింపబడినది. నాడు పిల్లకు వెల, నేడు పిల్లవానికి. విజయనగరము మాకు రైలులో కొలది దూరమే.

ఆ రాత్రి నాన్నకు లెక్క వ్రాసి పంపితిమి. అక్క పెండ్లి అప్పు, వడ్డీ, మేము చేరబోవు ఉద్యోగపు జీతము, నెలకు తీర్చగల మొత్తము, నాలుగేండ్ల గడువు. నీతివాక్యమొకటియు వ్రాయలేదు. తొమ్మిది దినములు ఫోను రాలేదు. పదవనాడు అమ్మ పిలిచి, "మీ నాన్న ఆ కాగితం సొక్కాజేబులో ఎట్టుకు తిరుగుతున్నాడు. వడ్డీ కాడ తప్పుందంట," అనెను. తప్పు లేదు; ఆయన పాతబాకీ నొకదానిని మాకు చెప్పియుండలేదు. దానినిగూడ కలిపితిమి. నాలుగేండ్లు అయిదయినవి.

సంక్రాంతికి ఇల్లు చేరితిమి. ఆ సంబంధమువారు మాఘమున మరియొక వరుని కుదుర్చుకొనిరి. పదునెనిమిదికి తెగినదని వింటిమి. మా అప్పు సగము తీరినది. అక్క ఇప్పుడు దూరవిద్యలో బి.ఏ. మొదటి సంవత్సరము చదువుచున్నది. ఆమె ఫీజు మా లెక్కలో లేదు, బావగారు కట్టిరి.