ఎన్ని కట్టల లాప్‌టాప్?

భద్రాచలం అడవి అంచు పల్లెల్లో వేసవి సంపాదనంటే తునికాకే. డిగ్రీలో చేరిన కూతురు చిన్న లాప్‌టాప్ అడిగితే తల్లి ముందు కట్టలు లెక్కేసుకుంటుంది. 50 ఆకులు ఒక కట్ట. కట్టకు 3 రూపాయలనుకున్నా, 15,000 రూపాయల లాప్‌టాప్‌కు 5,000 కట్టలు. రెండున్నర లక్షల ఆకులు! ఆకు కోసేదేమో కొన్ని వారాలే.

తెర చిన్నదైతే ధరా తగ్గాలిగా? వంద డాలర్లకే పిల్లల లాప్‌టాప్ అని అమెరికాలో మొదలెట్టిన ఓఎల్‌పీసీ 2007లో 188 డాలర్లకు తేలింది. తెర తగ్గినంతగా బోర్డు, బ్యాటరీ ఖర్చు తగ్గదు మరి. అంతవరకూ కంపెనీని తిట్టి లాభం లేదు. కానీ ఆ 15,000లో 18 శాతం జీఎస్టీ కింద పోయేది 2,288 రూపాయలు. పెద్ద ఆఫీసరు కట్టేదీ అంతే. ఈమెకు మాత్రం అది 760 కట్టల పైమాటే. దీన్ని న్యాయమనడం కష్టం.

పైగా చవక రకాల్లో చాలావాటికి మెమరీ బోర్డుకే అతికి ఉంటుంది. రెండేళ్లకే నత్తనడక పట్టిందంటే పెంచుకునే వీలుండదు. డిగ్రీ చదువేమో మూడేళ్లు.