ఆమెకి రంగులెందుకు?

నా స్నేహితురాలు హైటెక్ సిటీలో పనిచేస్తోంది. వెబ్‌సైట్లూ యాప్‌లూ చూపులేనివాళ్లకి పనికొస్తాయో లేదో పరీక్షించడం ఆమె ఉద్యోగం. ఆమెకి పుట్టుకతోనే చూపు లేదు. ఆమె హ్యాండ్‌బ్యాగులో టైము చెప్పే వాచీ, గుడ్డకి ఆనిస్తే రంగు పేరు పలికే చిన్న పరికరం, బ్రెయిలీ చుక్కలున్న పేకముక్కలు ఉంటాయి. ఇంట్లో గ్లాసు అంచుకి తగిలిస్తే టీ నిండగానే కూతపెట్టే సాధనముంది. ఈమధ్య తన పేరు బ్రెయిలీలో చెక్కిన వెండి ఉంగరం చేయించుకుంది.

వీటిని చూసినవాళ్లు ముందు ముచ్చటపడతారు, ఆ తర్వాత "మరీ ఇంత అవసరమా?" అంటారు. స్త్రీవాదులమని చెప్పుకునే నా తోటి పరిశోధకులూ ఆ మాటే అన్నారు. కర్ర సరే, వాచీ సరే, రంగు చెప్పే పరికరమూ ఉంగరమూ దేనికి, ఇదంతా కంపెనీల వ్యాపారం కాదా అని. వ్యాపారమే, కాదనను. కానీ మాదాపూర్ దుకాణాల్లో కళ్లున్నవాళ్ల కోసం కుప్పపోసిన వస్తువుల్లో అవసరమైనవెన్ని? ఫోనుకి కుందేలు చెవుల కవరు కొన్న అమ్మాయిని ఎవరూ సంజాయిషీ అడగరు. ఈమె మాత్రం కొన్న ప్రతిదానికీ జవాబు చెప్పుకోవాలి.

ఇలా అడగడం కొత్తేమీ కాదు. అమెరికాలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1970 నుంచి ప్లేబాయ్ పత్రికని బ్రెయిలీలో అచ్చువేయించి అంధులకి అందించేది. అందులో బొమ్మలుండవు, రాత మాత్రమే. 1985లో అక్కడి చట్టసభ, ప్రజల డబ్బుతో ఇదేమిటని, దానికయ్యే 1,03,000 డాలర్లని బడ్జెట్లోంచి కోసేసింది. అంధుల సంఘం కోర్టుకెళ్లింది. ఆ కోత భావప్రకటనా స్వేచ్ఛకి విరుద్ధమని 1986లో తీర్పొచ్చింది. ఆ పత్రిక మీద మనందరికీ ఉన్న కోపం నాకూ ఉంది. పత్రికని విమర్శిద్దాం. కానీ చదివేవాళ్లందరిలోనూ చూపులేనివాళ్లకి మాత్రమే అది తగదనడం పెత్తనం.

ఆడపిల్ల విషయంలో ఈ పెత్తనం ఇంకా గట్టిది. పండక్కి అక్కచెల్లెళ్ల ముందు బట్టలు పరిచి ఏది కావాలో ఎంచుకోమనేవారట. ఈమెకి మాత్రం "ఏదైతేనేం నీకు" అంటూ మిగిలింది చేతిలో పెట్టేవారు. ప్రేమా పెళ్లీ మాటలొచ్చినప్పుడూ ఇంట్లో అదే ధోరణి. అలంకరణ పితృస్వామ్యం మనమీద రుద్దిన భారమని మనం ఎంతో చర్చించాం. ఆ భారానికి కూడా నువ్వు తగవని ఇంట్లోవాళ్లు పక్కన పెట్టిన అమ్మాయి మన చర్చల్లోకి పెద్దగా రాలేదు. "రంగు నాకు కనబడదు, నిజమే. నేను అందరికీ కనబడతాను కదే!" అందామె ఒకసారి నాతో.

మరైతే అతి అన్నదే లేదా? ఉంది. అది ఆమె ఉంగరంలో లేదు. బీ మై ఐస్ అనే యాప్ 2015లో డెన్మార్క్‌లో మొదలైంది. ఫోను కెమెరాలోంచి ముక్కూమొహం తెలియని వలంటీరెవరో చూసి, మన ముందున్నదేమిటో చెప్తారు. పాల ప్యాకెట్టు మీద తేదీ చదివించుకోవడానికి భేషుగ్గా ఉంటుంది. చీర వెనక నెలసరి మరక ఉందేమో తెలుసుకోవాలంటే? ఆ చివరున్నది ఏ మగవాడో! 2023 నుంచి అదే యాప్‌లో కృత్రిమ మేధ కూడా ఫోటో చూసి వర్ణిస్తోంది. మనిషి చూపు తప్పింది గానీ, ఆ ఫోటో ఎక్కడికి చేరుతుందోనన్న బెంగ ఆమెని వదల్లేదు.

మన హైదరాబాదు సంగతే చూడండి. ఇక్కడి కంపెనీ ఒకటి 2014లో 'లేచల్' అనే బూట్లని జనం ముందుకి తెచ్చింది. అసలు అంధుల కోసం పుట్టిన ఆలోచన అది. ఫోనులోని మ్యాపుతో కలిసి, తిరగాల్సిన వైపు పాదం దగ్గర వణుకుతాయి. తెలివైన పనే. కానీ బూటు ఎడమకి తిరగమంటే, ఎడమవైపు కాలిబాట ఉండాలి కదా! మాదాపూర్లో ఆమె ఆఫీసు సందులో కాలిబాట మీద బైకులు, టిఫిన్ బండి, ట్రాన్స్‌ఫార్మర్, కేబుల్ కోసం తవ్వి పూడ్చని గుంత. బూట్ల గురించి పత్రికలు గొప్పగా రాశాయి. గుంత పూడ్చితే ఎవరూ వార్త రాయరు. రోడ్డు బాగుచేయాల్సిన బాధ్యత ఆమె పాదాలకి తొడిగేస్తే, దాన్ని నేను అతి అంటాను.

వస్తువు కొనుక్కుంటే తీరని అవసరాలూ ఉన్నాయి. యాసిడ్ దాడిలో కళ్లు దెబ్బతిన్న ప్రజ్ఞా ప్రసూన్‌కి 2023లో బ్యాంకు ఖాతా తెరవడం కుదరలేదు. కెమెరా ముందు కళ్లార్పితేనే బతికున్న మనిషని ఆ పద్ధతి నమ్ముతుంది. చూపులేని న్యాయవాది అమర్ జైన్‌కీ ఇలాంటి పద్ధతులతోనే ఇబ్బంది. ఇద్దరి పిటిషన్ల మీదా 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. డిజిటల్ సేవలు అందుకోగలగడం జీవించే హక్కులో భాగమంది, కళ్లార్పడం కాక వేరే మార్గాలూ ఉండాలంది. స్త్రీల మీద హింసా అంధుల హక్కులూ ఒక్క తీర్పులో కలిశాయి. అది మన పత్రికల్లో ఇంకా విస్తారంగా చర్చకి రావాలి.

ఆ చర్చని ఆమె చదవగలగడం ఇంకో సమస్య. తెలుగు పుస్తకాలూ పత్రికలూ ఎన్నో ఏళ్లుగా యూనికోడ్ కాని ఫాంట్లలో కూర్చినవే. అలాంటి పీడీఎఫ్‌లని చదివి వినిపించమంటే ఆమె కంప్యూటర్ అర్థంలేని అక్షరాలు పలుకుతుంది. స్కాన్ చేసిన పేజీల దగ్గరైతే అదీ లేదు, మౌనమే. చుక్కల ఉంగరం వారంలో చేతికొచ్చింది. స్త్రీవాద కథల సంకలనం ఒకటి కావాలని ఆమె అడిగి ఏడాది దాటింది. ఇప్పటికి సగం కథలు నేను చదివి, రికార్డు చేసి పంపాను.