నీళ్ళు తాగని ప్రయాణం

ప్రయాణమనగానే ఆడవాళ్ళం బట్టలకంటే ముందు లెక్క చూసుకునేది నీళ్ళు. వెంట తీసుకెళ్ళే నీళ్ళు కాదండీ, తాగకూడని నీళ్ళు. రాత్రి బస్సు ఎక్కాలంటే సాయంత్రం నాలుగింటి నుంచే గొంతు తడుపుకోవడం తప్ప తాగడం ఉండదు. దారిలో బస్సు ఆపినా అక్కడ గది ఎలా ఉంటుందో, లోపల గడియ ఉంటుందో లేదో తెలియదు. ఒకళ్ళు లోపలికి వెళ్తే ఇంకొకళ్ళు బయట తలుపు పట్టుకుని నిలబడటం మనలో ఎవరికి తెలియదు చెప్పండి? పెళ్ళిళ్ళకు వ్యానుల్లో వెళ్ళేటప్పుడు మా అత్తగారయితే ముందురోజు నుంచే మజ్జిగ కూడా మానేసేవారు.

అలాంటి ఇబ్బందేమీ లేని చోట, అంతస్తుకు రెండు మూడు చొప్పున అద్దాల్లా మెరిసే బాత్రూములున్న చోట కూడా ఒక మనిషి నీళ్ళు మానేసి తిరగడం కిందటేడు చూశాను. సముద్రం మధ్యలో, క్రూయిజ్ షిప్పులో. ఆ మనిషి మా అక్క కూతురు.

మా అక్కావాళ్ళు అమెరికా వెళ్ళి పాతికేళ్ళు దాటింది. పెద్దబిడ్డ పుట్టినప్పుడు మగపిల్లాడని బారసాల చేశారు. ఇరవై రెండో ఏట ఆ బిడ్డ అమ్మానాన్నల్ని కూర్చోబెట్టి "నేను అబ్బాయిని కాదమ్మా, ఊహ తెలిసినప్పట్నుంచీ కాదు" అని చెప్పింది. ఆ తర్వాత ఆ ఇంట్లో నడిచినదంతా ఇక్కడ రాయను. అది తన కథ, చెప్పుకుంటే తనే చెప్పుకోవాలి. మా అమ్మ మాత్రం రెండు నెలలు ఫోనులో ఏడ్చి, మూడో నెల నుంచి "అమ్మడూ" అని పిలవడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఇంటిల్లిపాదికీ అమ్మడే. ఇది రాస్తానంటే "రాయి పిన్నీ, పేరు మాత్రం వద్దు" అంది.

బావగారి అరవయ్యో పుట్టినరోజుకని మయామి నుంచి ఏడు రాత్రుల కరీబియన్ క్రూయిజ్ బుక్ చేశారు. మేమూ వెళ్ళాం. ఇంతకుముందు నేనెక్కిన పెద్ద ఓడ అంటే గోదావరి మీద పాపికొండల లాంచీయే! ఇక్కడ చూస్తే అది ఓడ కాదు, ఊరు. 2024 జనవరిలో మయామి నుంచి మొదలైన ఐకాన్ ఆఫ్ ద సీస్ అనే ఓడ పొడవు 365 మీటర్లు, 20 అంతస్తులు, 7,600 మంది దాకా ప్రయాణికులు పడతారట. మేమెక్కింది అంత పెద్దది కాదు గానీ, ఈ చివర నుంచి ఆ చివరకు నడిస్తే పొద్దుటి వాకింగ్ అయిపోయినట్టే.

ప్రతి గదికీ సొంత బాత్రూము ఉంటుంది. చిన్నదే, విమానంలో లాగా బుస్సుమని లాగేసుకుంటుంది. మరి ఇంక ఇబ్బంది ఏముంది, గదికి వెళ్ళి రావచ్చు కదా అనిపిస్తుంది. మా బావగారూ అదే అన్నారు. కానీ ఓడలో రోజంతా గదిలో ఎవరుంటారు? భోజనాలు ఒక అంతస్తులో, ఈతకొలను పైన ఎక్కడో, థియేటరు కింద ముందువైపు. మన గదేమో వెనకవైపు. ఆట అయిపోయాక వెయ్యిమంది ఒక్కసారి లేస్తే లిఫ్టు దొరకడానికే చాలాసేపు పడుతుంది. ఈతకొలను దగ్గర తడిబట్టలు మార్చుకునే గదులు కూడా ఆడ, మగ అని రెండే. ఇక రేవులో దిగి ఊరు చూడటానికి వెళ్తే సాయంత్రం దాకా గది మాటే ఉండదు.

రెండో రాత్రి అందరూ బాగా ముస్తాబయ్యే భోజనం. అమ్మడు వాళ్ళ అమ్మమ్మ పంపిన వెంకటగిరి చీర కట్టుకుంది. నేనే కుచ్చిళ్ళు సర్దాను. థియేటరు నుంచి బయటికి వచ్చి ఆడవాళ్ళ బాత్రూము దగ్గర వరుసలో నిలబడ్డాం. మా ముందున్న ఒకావిడ వెనక్కి తిరిగి అమ్మడిని పైనుంచి కిందికి చూసింది. మళ్ళీ చూసింది. వరుసలోంచి వెళ్ళి అక్కడున్న ఉద్యోగితో ఏదో చెప్పింది. పాతికేళ్ళ కుర్రాడు, పాపం మర్యాదగానే వచ్చి, పక్కనున్న బాత్రూము వాడుకోగలరా అని అడిగాడు. పక్కనున్నది మగవాళ్ళది.

చీర కట్టుకున్న పిల్ల, పొడుగు జడ, చెవులకు బుట్టలు. ఆ తలుపు తీసుకుని మగవాళ్ళ మధ్యకు ఎలా వెళ్తుంది? మన ఇంట్లో ఏ ఆడపిల్లనైనా అలా పంపుతామా? "ఆవిడ మా అమ్మాయి, నాతో వచ్చింది" అని నాకొచ్చిన ఇంగ్లీషులో గట్టిగానే అన్నాను. ఆ కుర్రాడు తటపటాయించాడు. అమ్మడే నా చెయ్యి పట్టుకుని "వద్దు పిన్నీ, అవసరం తీరిపోయింది" అంది. అవసరం ఎక్కడ తీరిందండీ? ఎనిమిది అంతస్తులు మెట్లెక్కి గదికి వెళ్ళాం.

మర్నాటి నుంచి ఆ పిల్ల ఏం తిన్నా కొసరికొసరి తినడం, జ్యూసు ఇస్తే పక్కన పెట్టడం గమనించాను. నిప్పులు చెరిగే ఎండ. అందరం కొబ్బరిబోండాలు తాగుతుంటే తను పెదవులు తడుపుకుని ఊరుకుంది. అయిదో రోజుకు జ్వరం, నడుం నొప్పి, మంట. ఓడలోనే ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళాం. యూరిన్ ఇన్ఫెక్షన్ అన్నారు. మందులిచ్చి ఆ డాక్టరమ్మ చెప్పిన మొదటి జాగ్రత్త ఏమిటంటే, నీళ్ళు బాగా తాగమని, ఆపుకోవద్దని. అమ్మడు నా వంక చూసి నవ్వింది. ఆ నవ్వు చూసి అక్క గది బయటికి వెళ్ళిపోయింది.

ఇది మా పిల్ల ఒక్కదాని సున్నితత్వం అనుకోకండి. అమెరికాలో 2015లో ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల మీద ఒక పెద్ద సర్వే చేశారు. 27,715 మంది జవాబిచ్చారు. అంతకుముందు ఏడాదిలో గొడవ జరుగుతుందన్న భయంతో బయటి బాత్రూములకు వెళ్ళడం మానుకున్నవాళ్ళు అందులో 59 శాతం. బాత్రూముకు వెళ్ళాల్సి వస్తుందని తిండీ నీళ్ళూ తగ్గించుకున్నవాళ్ళు 32 శాతం. ఆపుకుని ఆపుకుని యూరిన్, కిడ్నీ జబ్బులు తెచ్చుకున్నవాళ్ళు 8 శాతం. నూటికి ముప్ఫై రెండు మంది నీళ్ళు తగ్గించుకుంటున్నారంటే, బస్సు ప్రయాణాల్లో మనం ఎప్పుడో ఒకప్పుడు పడే అవస్థ వాళ్ళకు బతుకంతా ఉందన్నమాట.

ఓడ మీద ఎవరి చట్టం నడుస్తుందని మా ఆయన్ని అడిగి, నేనూ కొంత చదివాను. అమెరికా నుంచి బయల్దేరే పెద్ద ఓడల్లో చాలావాటికి రిజిస్ట్రేషను బహామాస్, పనామా వంటి దేశాల్లో ఉంటుంది. నడిసముద్రంలో ఉన్నప్పుడు మామూలుగా ఆ జెండా దేశపు చట్టం. రేవులో ఆగితే ఆ రేవు ఉన్న దేశపు చట్టం కూడా వచ్చి చేరుతుంది. బయల్దేరే చోట ఫ్లోరిడాలో 2023 జులై 1 నుంచి ఇంకో చట్టం ఉంది. ప్రభుత్వ భవనాల్లో పుట్టుకతో రాసిన లింగానికి భిన్నమైన బాత్రూములోకి పెద్దవాళ్ళెవరైనా వెళ్ళి, అక్కడి ఉద్యోగి బయటికి పొమ్మన్నా పోకపోతే అక్రమ ప్రవేశం కింద కేసు పెట్టవచ్చు. విమానంలో వచ్చినంతసేపూ ఆడా మగా అందరం ఒకే చిన్న గది వంతులవారీగా వాడుకున్నాం, ఎవరికీ ఏ పేచీ లేదు. దిగేసరికి రెండు తలుపులు, ఒక చట్టం. ఓడలో కంపెనీవారి నియమం. ఇన్నీ దాటి చివరికి ఆ రాత్రి మా అమ్మడికి చట్టమంటే తలుపు దగ్గర నిలబడ్డ ఆ కుర్రాడే.

బీయేలో భారతం చదువుకున్నదాన్ని కనక నాకు విరాటపర్వం గుర్తొచ్చింది. అర్జునుడు బృహన్నలగా వచ్చి ఉత్తరకు నాట్యం నేర్పుతానంటాడు. విరాటుడు వెంటనే అంతఃపురంలోకి పంపడు. వ్యాసభారతంలో ఆడవాళ్ళచేత పరీక్ష చేయించి, నమ్మకం కుదిరాకే పంపుతాడు. అర్జునుడిది శాపం, ఒక్క ఏడాది అజ్ఞాతవాసం. మా అమ్మడిది జీవితం. రెండూ ఒకటి కావు. కానీ తలుపు దగ్గర పరీక్ష మాత్రం అప్పటినుంచీ ఉన్నదేనన్నమాట. బృహన్నలకు ఆ పరీక్ష ఒక్కసారితో అయిపోయింది. ఈ పిల్లలకు ప్రతి తలుపు దగ్గరా, రోజుకు నాలుగుసార్లు.

మీలో కొందరికి ఒక సందేహం వచ్చే ఉంటుంది. ఆ వరుసలో ఉన్నావిడకూ వచ్చింది. రేపు ఎవడో ఒకడు వేషం వేసుకుని ఆడవాళ్ళ బాత్రూములోకి వస్తేనో? ఆడపిల్లల తల్లికి ఆ భయం ఉండటం తప్పని నేననను. నాకూ కూతురుంది. అందుకే దాని గురించి కూడా చదివాను. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు తమకు తగిన బాత్రూము వాడుకోవచ్చని నియమం పెట్టిన ఊళ్ళనూ, పెట్టని ఊళ్ళనూ పోల్చి లాస్ ఏంజెలిస్‌లోని విలియమ్స్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు 2018లో ఒక అధ్యయనం ప్రచురించారు. నియమం పెట్టినందువల్ల బాత్రూముల్లో నేరాలు పెరిగినట్టు వాళ్ళకు కనపడలేదు. తొంగిచూసేవాడికీ, చెయ్యి వేసేవాడికీ శిక్ష వేసే చట్టాలు ఎలాగూ ఉన్నాయి. అవి ఎక్కడికీ పోవు. ఇంకో సంగతి. ఇలా చూపులతో పరీక్షలు మొదలుపెడితే పొడుగ్గా ఉన్న ఆడవాళ్ళూ, జుట్టు కత్తిరించుకున్నవాళ్ళూ, కీమోథెరపీతో జుట్టు ఊడినవాళ్ళూ అందరూ ఆ తలుపు దగ్గర జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది.

అసలు మన రైలు బోగీలో చూడండి. చివర్న ఉన్న ఆ గదులకు ఆడ, మగ అని రాసి ఉంటుందా? గడియ పడితే ఎవరో ఉన్నారని అర్థం, ఖాళీ అయితే మనం వెళ్తాం. ఇళ్ళలోనూ అంతే. గట్టి తలుపు, లోపల గడియ, ఒకళ్ళకే సరిపడే గది ఉంటే ఈ గొడవే లేదు. మా ఓడలో అలాంటివి రెండు ఉన్నాయని ఆరో రోజున కనిపెట్టాం. ఒకటి చిన్నపిల్లలు ఆడుకునే చోట, ఇంకొకటి చక్రాల కుర్చీవాళ్ళ కోసం. ఓడ మ్యాపులో వెతికితే రెండూ లేవు. అమ్మడు ఆ రెండోది వాడుకోవడానికి కూడా మొహమాటపడింది. "కుర్చీలో ఉన్నవాళ్ళకు అదొక్కటే కదా పిన్నీ, నేను లోపలుంటే వాళ్ళేం చేస్తారు" అని. నీళ్ళు తాగడం మానేసిన పిల్ల పక్కవాళ్ళ అవసరం గురించి ఆలోచిస్తోంది!

ఇది అమెరికా సంగతి, మనకెందుకు అనుకోవడానికీ లేదు. 2022లో కార్డీలియా వారి ఎంప్రెస్ ఓడ మన విశాఖ నుంచి పుదుచ్చేరి, చెన్నైలకు ప్రయాణికులతో వెళ్ళింది. 2023లో విశాఖ పోర్టులో క్రూయిజ్ టెర్మినలే ప్రారంభించారు. 2014 ఏప్రిల్ 15న మన సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల తీర్పు ఇచ్చినప్పుడు, చదువూ వైద్యంతో పాటు బాత్రూముల మాట కూడా అందులో రాసింది. అంత పెద్ద న్యాయమూర్తులకే ఇది చిన్న విషయంలా కనపడలేదు.

ఓడల వాళ్ళు చెయ్యవలసింది పెద్ద ఖర్చు పనేమీ కాదనిపిస్తుంది. థియేటరు దగ్గర, భోజనాల దగ్గర, ఈతకొలను దగ్గర, ఒక్కో గడియ గది అందరికీ అని రాసి పెట్టాలి. ఉన్నవాటిని మ్యాపులో చూపించాలి. ఫిర్యాదు వస్తే లోపలికి వెళ్తున్న మనిషిని పంపేయడం కాకుండా ఏం చెయ్యాలో ఆ కుర్రాళ్ళకు ముందే నేర్పాలి. చంటిపిల్లల తల్లికీ, ముసలి భర్తకు సాయంగా వెళ్ళాల్సిన భార్యకూ కూడా ఆ గదే ఆధారం. బావగారి అమ్మగారికి మోకాళ్ళ నొప్పులు. చివరి రెండు రోజులూ ఆవిడా, అమ్మడూ పిల్లల దగ్గరి ఆ గదికే కబుర్లు చెప్పుకుంటూ కలిసి వెళ్ళి, ఒకరి తర్వాత ఒకరు వాడుకుని వచ్చేవాళ్ళు.

మనం చెయ్యగలిగినది కూడా ఒకటుంది. మీరు క్రూయిజ్ బుక్ చేసుకునేటప్పుడు భోజనంలో శాకాహారం ఉందా అని ఎలాగూ అడుగుతారు. దాంతోపాటు, ఒక్కరే వాడుకునే బాత్రూములు ఏ అంతస్తుల్లో ఉన్నాయో కూడా అడగండి. మీ ఇంట్లో అమ్మడులాంటి పిల్ల ఉన్నా లేకపోయినా అడగండి. పదిమంది ఆడవాళ్ళు అడిగారంటే కంపెనీవాళ్ళు రాసుకుంటారు. మా అక్క వచ్చే వేసవి అలాస్కా ప్రయాణానికి ముందుగానే ఉత్తరం రాసి అడిగింది. అంతస్తుల నంబర్లతో సహా జవాబు వచ్చింది.