గవిపురంలో ఒక సంక్రాంతి సాయంత్రం

కిందటి కార్తీకంలో కనకపుర రోడ్డు పక్కని మామిడితోపులో మన సంఘం జరుపుకున్న వనభోజనాన్ని చదువరులు మరచిపోయి వుండరు. ఆనాడు అన్నం పలుకుగా మిగిలిపోయి, పిల్లలు అరటిపళ్ళతో సరిపెట్టుకోవలసి వచ్చింది. నింద మా మేనమామగారి సూర్యపొయ్యి మీద పడింది. నిజానికి తప్పు నాది. ఆ సంగతి ఒప్పుకోవడానికే యీ నాలుగు ముక్కలూ వ్రాస్తున్నాను.

మామయ్య ఫిట్టరు పని చేసి రిటైరయ్యారు. చామరాజపేటలో మా మేడమీద ఆయన తయారుచేసిన పొయ్యి మరేమీ కాదు, మెరుగు పెట్టిన అల్యూమినియం రేకులు తాపిన నాలుగున్నర అడుగుల పళ్ళెం. గిన్నెలాగా లోతుగా వుంటుంది. దానిమీద పడిన యెండ అంతా ఒకచోట కూడుతుంది. ఆ చోటును నాభి అంటారు. అక్కడ నల్లరంగు పూసిన తపేలా వుంచితే అన్నం వుడుకుతుంది. పళ్ళెం అంచున ఒక మేకు నిలబెట్టి వుంటుంది. మేకు నీడ మాయమైతే పళ్ళెం సూర్యుడికి సరిగ్గా యెదురుగా వున్నట్టు లెక్క. పావుగంటకొకసారి ఆ నీడ చూసి తిప్పుతూ వుండాలి.

ఆ ఆదివారం మామయ్య ఆ పని నాకు అప్పగించి, విస్తళ్ళు సర్దడానికి వెళ్ళారు. పదకొండింటికి మబ్బు కమ్మింది. నీడే లేనప్పుడు తిప్పేదేముందిలే అనుకుని నేను పేకాటలో కూర్చున్నాను. సూర్యుడు గంటకు 15 డిగ్రీలు నడుస్తాడు గదా! నలభై నిమిషాల తరువాత మబ్బు విడేసరికి ఆయన 10 డిగ్రీలు సాగిపోయాడు. వెలుగు తపేలాను తప్పి పక్కన గాలిలో కూడుతోంది. కంగారుగా అటు తిప్పి, యిటు వంచి, నీడ కుదుర్చుకునేలోగా మళ్ళీ మబ్బు. ఇలా మూడుసార్లు జరిగింది. చివరకు యెవరో గ్యాసు సిలిండరు తెచ్చారు. మరెవరో “ముసలాయన బొమ్మలాట” అని నవ్వారు. మామయ్య మారుమాట లేకుండా పళ్ళెంమీద గోనెపట్టా కప్పేశారు. నేను మాత్రం నోరు విప్పలేదు.

సంక్రాంతినాటికి కూడా ఆ గోనెపట్టా తియ్యలేదు. ఆయన మనసు కాస్త మళ్ళిద్దామని ఆ సాయంత్రం గవిపురం తీసుకువెళ్ళాను. కెంపాంబుధి చెరువు దాపున వున్న గవిగంగాధరేశ్వరుని ఆలయం మనకు కొత్త కాదు. గవి అంటే కన్నడంలో గుహ. దానిని పదహారవ శతాబ్దంలో కెంపేగౌడ కట్టించాడని చెబుతారు. ముంగిట ఢమరుకం, త్రిశూలం, సూర్యచంద్రుల పేర రెండు పెద్ద రాతి చక్రాలు నిలిచి వుంటాయి. లోపల రాతికప్పు క్రింద తల వంచుకుని నడవవలసిందే.

జనం క్రిక్కిరిసి వున్నారు. ఆకాశంలో మబ్బు తునకలు తిరుగుతున్నాయి. మబ్బు మూసిన యేడు ఆ దర్శనం దక్కదు. అందరూ వూపిరి బిగబట్టి వుండగా పడమటి కిటికీలోనుంచి యెండ లోపలికి దూరింది. నంది కొమ్ముల నడుమ నుంచి సాగి, మెల్లగా లింగం మీదికి ప్రాకింది. కొద్ది నిమిషాలే! తరువాత మళ్ళీ చీకటి.

బయటికి వచ్చాక మామయ్య చాలా రోజుల తరువాత పొయ్యి మాట యెత్తారు.

“ఒరే అబ్బాయీ, ఆ కిటికీని యెవరైనా తిప్పారా? మబ్బు వచ్చినా పోయినా అది వుండవలసిన చోటనే వుంది. అందుకే తెర తొలగిన క్షణాన వెలుగు లోపలికి వచ్చింది.”

నవంబరు చివర, డిసెంబరు మొదటి రోజుల్లో కూడా యీ వెలుగు లింగాన్ని తాకుతుందని జవహర్‌లాల్ నెహ్రూ ప్లానెటోరియానికి చెందిన బి.ఎస్. శైలజ గారు పరిశీలించి వ్రాశారు. దక్షిణానికి పోతూ ఒకసారి, తిరిగి వస్తూ ఒకసారి సూర్యుడు అదే దారిన అస్తమిస్తాడు. ఆయన నడక పంచాంగానికీ, గడియారానికీ తెలుసు. మబ్బుకు దానితో నిమిత్తం లేదు.

అక్కడే చెప్పులు తొడుక్కుంటూ నోరు తెరిచాను. “మామయ్యా, ఆనాడు నేను పేకాటలో వున్నాను. మీ పొయ్యి తప్పేమీ లేదు.”

“నాకు తెలుసురా. నీ అంతట నువ్వు యెప్పుడు చెబుతావా అని చూస్తున్నాను” అన్నారాయన.

దారిలో తిరుమల సంగతి చెప్పారు. 2002లో అక్కడ 106 సూర్యపళ్ళేలు అమర్చి, ఆవిరి పుట్టించి, రోజుకు 15,000 మందికి వంట చేసే యేర్పాటు చేశారు. ఆ రకం పళ్ళేనికి రూపమిచ్చినవాడు వుల్ఫ్‌గాంగ్ షెఫ్లర్ అనే ఆయన. అందులో కిటుకంతా ఇరుసులో వుంది. ఇరుసును భూమి ఇరుసుకు సమాంతరంగా, అంటే ధ్రువనక్షత్రం వైపు వంచి నిలబెడితే, గడియారంలాగా ఒకే వరసన తిప్పుకుంటూ పోవచ్చు. అటూ ఇటూ వంచే బాధ వుండదు. ఇరుసు నాభి గుండా పోయేటట్టు చేస్తే తపేలా కదలదు. బెంగుళూరుకు ఆ వంపు 13 డిగ్రీలు.

మరునాడే గోనెపట్టా తీశాం. పాత సైకిలు ఇరుసును 13 డిగ్రీలు వంచి బిగించాం. దానికి గంటల గీతలు గీసిన చెక్కబిళ్ళ తగిలించాం. గీతకూ గీతకూ 15 డిగ్రీలు. నీడ కనిపిస్తే నీడను చూస్తాం, కనిపించకపోతే గడియారాన్ని చూసి తిప్పుతాం. సూర్యుడి ఉత్తర దక్షిణ గమనం కోసం కొద్ది రోజులకొకసారి పళ్ళెం వాలు సరిచేస్తే చాలు. గాలికి వూగకుండా కాళ్ళకు ఇసుకమూటలు కట్టాం.

మొన్న ఉగాదినాడు మబ్బులు రెండుసార్లు అడ్డం వచ్చాయి. నేను గడియారం పట్టుకుని పళ్ళెం పక్కనే కూర్చున్నాను. మబ్బు కమ్మినంతసేపూ వంట ఆగింది. అది మన చేతిలో లేదు. కానీ మబ్బు విడిన మరుక్షణం తపేలా అడుగున వెలుగు తళుక్కుమంది. పప్పు గంటన్నర ఆలస్యంగానైనా మెత్తగా వుడికింది. మామయ్య తానే వడ్డించారు.

ఏప్రిల్ 24 ప్రాంతంలో మన ఊళ్ళో సూర్యుడు సరిగ్గా నడినెత్తిన వస్తాడు. మధ్యాహ్నం పన్నెండుంబావు దాటగానే నిలువుగా పాతిన కర్రకు నీడ వుండదు. ఆనాడు వనభోజనానికి వచ్చినవారందరూ మా మేడమీదికి భోజనానికి రావలసిందని మామయ్య మాటగా కోరుతున్నాను. పిల్లలకు నల్లకళ్ళద్దాలు తెండి, నాభి వంక వట్టి కళ్ళతో చూడరాదు. మబ్బు పడితే కాస్త ఆలస్యమవుతుంది గాని, యీసారి అన్నం పలుకుగా వుండదు.