అగ్రిమెంటు వెనక పుస్తకం

సర్కారు పనుల చట్టం పుస్తకాలు ఈ పక్క ఎవరి దగ్గరున్నాయి, అవసరమైనవాళ్లకు అందుతున్నాయా? అది చూద్దామని ప్రొద్దుటూరులో ఒక సీనియర్ వకీలు ఆఫీసుతో మొదలుపెట్టాను. మైలవరం డ్యాము, గండికోట, చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరు, వాటి కాలువలు, ఇవిగాక ఊరూరా సీసీ రోడ్లు. సర్కారు పని ఎరగని ఊరు ఇక్కడ అరుదు. పెద్ద కంపెనీలకు లాయర్ల కొదవ లేదు. నా ఆరాటమంతా కల్వర్టులు, బడి ప్రహరీలు కట్టే చిన్న కాంట్రాక్టరు గురించే.

వకీలు ఒక రోడ్డు పని అగ్రిమెంటు తెరిచి ఒక వాక్యం మీద వేలు పెట్టారు. ఏపీఎస్‌ఎస్ (ఆంధ్రప్రదేశ్ స్టాండర్డ్ స్పెసిఫికేషన్స్) ప్రిలిమినరీ స్పెసిఫికేషన్‌కు కాంట్రాక్టరు కట్టుబడి ఉండాలని దాని సారాంశం. ఆ ఒక్క వాక్యంతో ఒక పుస్తకం మొత్తం అగ్రిమెంటులో భాగమైపోతుంది. మద్రాసు రాష్ట్రం నాటి స్పెసిఫికేషన్ల నుంచి మనకు సంక్రమించిన పుస్తకమది. పాత ఇంజినీర్లు ఇప్పటికీ ఏపీడీఎస్‌ఎస్ అనే అంటారు. తగాదా వస్తే ఎక్కడికి పోవాలో 73వ క్లాజు చెబుతుంది. క్లెయిము 50 వేలు దాటితే సివిల్ కోర్టే గతి. సంతకం పెట్టేవాళ్లలో ఆ పుస్తకాన్ని కళ్లతో చూసినవాళ్లు తక్కువని ఆయన బాధ.

అక్కడే కూర్చున్న ఒక కాంట్రాక్టరు తన గోడు చెప్పుకున్నాడు. "ఏఈ సార్ చెప్తేనే ఇంకో కల్వర్టు ఏసినా సార్. ఇప్పుడేమో అది అగ్రిమెంట్లో లేదంటాండారు."

"నోటిమాట మీద పనెట్లా చేసినావు నాయనా?" అంటూనే వకీలు లేచి 1962 ఏఐఆర్ (ఆలిండియా రిపోర్టర్) తీర్పుల సంపుటం దించారు. రాజ్యాంగం 299వ అధికరణం ప్రకారం రాష్ట్ర ప్రభుత్వ ఒప్పందం గవర్నరు పేరున, అధికారం ఉన్న అధికారి సంతకంతో ఉండాలి. అయినా దారి పూర్తిగా మూసుకుపోలేదు. అధికారులు అడిగితే బీకే మండల్ అనే సంస్థ బెంగాల్‌లో స్టోరేజి షెడ్లు కట్టింది. ప్రభుత్వం వాడుకుంది, డబ్బు దగ్గర అడ్డం తిరిగింది. పద్ధతి ప్రకారం ఒప్పందం లేకున్నా, ఊరికే చేసిపెట్టే ఉద్దేశం లేని పని వల్ల లాభం పొందారు కాబట్టి కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్ కింద పరిహారం ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు తేల్చింది.

ఆ పేజీ అంచులు పసుపుబారాయి, పక్కన పెన్సిల్ గీతలు. కాంట్రాక్టరు దాన్ని ఫోన్లో ఫొటో తీసుకున్నాడు. "ఇది చాలదు. ఎం బుక్కులో కొలతలు ఎక్కించినారా? ఏఈకి రాసిన లెటరేమన్నా ఉందా?" అని వకీలు అడిగేసరికి అతని ముఖం వాడిపోయింది.

జమ్మలమడుగులో ఒక రిటైర్డ్ ఇంజినీరు (డీఈ) ఇంట్లో చూసిన ఫైలు నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది. 2003 జూలై 1 నాటి 94వ నంబరు జీవో, నీటిపారుదల శాఖది. రాష్ట్రంలో టెండర్ల పద్ధతిని మార్చిన కాగితం. తర్వాత వచ్చిన సవరణలను ఆయన చీటీలుగా కత్తిరించి, ఏ పేరాకు సంబంధించింది ఆ పేరా పక్కనే అంటించుకున్నారు. 2019 ఆగస్టులో రివర్స్ టెండరింగ్ వచ్చింది. 2024లో దాన్ని రద్దు చేసి మళ్లీ 94వ జీవో పద్ధతికే వెళ్లారు. పాత ఫైలు పారేయనందుకు ఆయన సంబరం చూడాలి! మధ్యలో 2021 ఆగస్టు నుంచి మూడేళ్ల పాటు జీవోలు ఎప్పటిలా వెబ్‌సైట్లో పెట్టడం ఆపేశారు. ఒకాయన కత్తెర, జిగురు పట్టుకుని చేసిన ఈ పని ప్రభుత్వం చేయాల్సింది. ఇలాంటి జీవో సవరణలతో సహా, తెలుగులో, ప్రతి మండల గ్రంథాలయంలో ఒక ప్రతి ఉండాలి. ఇది కోరిక కాదు, హక్కు అనే నేను అంటాను. దారిలో ఒక ఊరి గ్రంథాలయంలో అడిగితే పోటీ పరీక్షల గైడ్లు చూపించారు.

ముద్దనూరు మీదుగా పులివెందుల చేరాను. అక్కడ నెట్ సెంటర్లో ఒక కుర్రాడు టెండరు వేస్తున్నాడు. 40 లక్షల అంచనాకు 30 శాతం లెస్ వేద్దామన్నది అతని ఆలోచన, అంటే 28 లక్షలు. డీఈగారి ఫైల్లో చూసిన లెక్క చెప్పాను. 25 శాతానికి మించి లెస్ వేస్తే, అంచనాలో 75 శాతానికీ వేసిన రేటుకూ ఉన్న తేడా అదనపు సెక్యూరిటీగా కట్టాలి. 30 లక్షల్లో 28 పోతే 2 లక్షలు. "ఈఎండీ గాక ఇదొకటా అన్నా!" అని అతను లెస్ తగ్గించాడు.

పక్క కుర్చీలో ఒక పెద్దాయన తమ వీధి సిమెంటు రోడ్డు మీద సమాచార హక్కు దరఖాస్తు రాయిస్తున్నాడు. అంచనా, అగ్రిమెంటు, ఎం బుక్కు నకళ్లు అడిగాడు. 2005 నాటి ఆ చట్టం 2(జె) సెక్షన్ కింద పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కుందని, వాడిన సామాను నమూనా ధ్రువీకరించి ఇమ్మనవచ్చని చెప్పాను. మండల ఆఫీసులో దరఖాస్తు ఫీజు 5 రూపాయలే. ఆయన టైపు చేసే పిల్లను ఆపి, నాలుగో అంశంగా రోడ్డు నమూనా చేర్చమన్నాడు. నమూనా తీసేటప్పుడు తాను పక్కనే ఉండాలని కూడా రాయించాడు.