అందరూ జనవరి ఒకటినే పుట్టారా?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ఊళ్లలో ఎనభైకి దగ్గరపడ్డ వాళ్లని పుట్టిన తేదీ అడిగి చూడండి. (2016 అక్టోబరు 11న ఇవి మూడూ వేరే జిల్లాలయ్యాయి గానీ, మాకింకా పాలమూరే.) "రజాకార్ల లొల్లి ఉండెనంట బిడ్డా, మిరుగు కార్తెల పుట్టినంట" అంటారు. తీసిపారేయకండి, ఇందులో చాలా సమాచారముంది. మిరుగంటే జూన్. రజాకార్లంటే 1947 లేదా 48. కానీ ఫారంలో మాత్రం 01/01/1948 అని పడుతుంది. ఆధార్ మొదట్లో చాలా కార్డుల మీద పుట్టిన సంవత్సరం ఒక్కటే అచ్చేసేవారు. నన్నడిగితే అదే నయం.

మన లైబ్రరీలైతే ఇంకా ఘోరం. పైథాన్‌లో స్ట్రిప్‌టైమ్‌కి ఉత్త 1965 ఇస్తే జనవరి 1 అంటుంది. డేట్‌యుటిల్ పార్సరేమో, లేని నెలనీ రోజునీ ఇవాళ్టి తేదీలోంచి తెచ్చి అతికిస్తుంది. అంటే సోమవారం నడిపితే ఒక పుట్టినరోజు, మంగళవారం నడిపితే ఇంకోటి! జావాస్క్రిప్ట్ సంగతి మరీ విడ్డూరం. "1965"ని యూటీసీ ప్రకారం జనవరి 1 అర్ధరాత్రి అనుకుంటుంది. డల్లాస్‌లో ఉన్న మనవడి బ్రౌజర్లో అది 1964 డిసెంబరు 31 అయి కూర్చుంటుంది. ఎక్కడా ఎర్రర్ రాదు, అదీ అసలు బాధ.

ఆ, ఏముందిలే అంటారా? తెలంగాణలో వృద్ధాప్య పింఛను వయసుని 65 నుంచి 57కి తగ్గించడం 2022 ఆగస్టులో అమల్లోకి వచ్చింది. అప్పుడు నెలకి 2016 రూపాయలు. 1965లో పుట్టిన మనిషికి అప్పటికి 57 నిండాయా? జనవరి అయితే నిండాయి, డిసెంబరైతే లేదు. "తెలీదు, మనిషిని కనుక్కోండి" అన్నదే సరైన జవాబు. లేని రోజుని నింపేసిన ప్రోగ్రాం ఆ మాట ఎప్పటికీ అనలేదు.

నేనైతే సంవత్సరం, నెల, రోజు వేర్వేరుగా దాస్తాను, ఏదైనా ఖాళీగా ఉండొచ్చు. పక్కనే వాళ్లు చెప్పిన మాట ఉన్నదున్నట్టు ఉంచుతాను. పోల్చాల్సి వస్తే అన్నిటికంటే ముందు తేదీ, అన్నిటికంటే చివరి తేదీ లెక్కగడతాను. రెండిటికీ ఒకే జవాబొస్తే సరి, లేదంటే ఆ రికార్డు మనిషి దగ్గరికి పోవాల్సిందే.

ఇదేం నా సొంత తెలివి కాదు. ఐఎస్‌ఓ 8601లో 1948-06 అని రాసి ఆపేయొచ్చు. 2019లో వచ్చిన దాని రెండో భాగంలో [1947-06,1948-06] అని, వీటిలో ఏదో ఒకటి అనే రాత కూడా ఉంది. పైన అవ్వ చెప్పింది అచ్చం అదే కదా!

డేట్ కాలమ్‌కి నాట్ నల్ పెట్టి కూర్చున్న మా డేటాబేసు వాళ్లతో మాత్రం ఇంకా వాదన నడుస్తూనే ఉంది.